ఆగుతున్న జీపుకు బ్రేకులెందుకు?

ఈ దేశంలో ఏ వాహనమైనా రెండు కారణాల వల్ల మాత్రమే ఆగుతుంది. ఒకటి బ్రేకు, రెండోది ఉత్తర్వు. మొదటిది వాడేకొద్దీ అరిగిపోతుంది. రెండోది వాడేకొద్దీ పదునెక్కుతుంది. ఈ సత్యాన్ని మేం కోనసీమ వాళ్ళం పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. నేరేడులంక ఆరోగ్య కేంద్రం వారి జీపు మాకు నేర్పింది.

అది సామాన్యమైన జీపు కాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. వానాకాలంలో ఎడ్లు కూడా ఒక్క క్షణం ఆలోచించే కాలువ గట్ల మీద, రేవుల దగ్గర ఇసుకలో, ఊడ్పుల నాటి బురదలో అది నిబ్బరంగా నడిచిపోయేది. దానికి వెళ్ళలేని చోటంటూ లేదు. చిక్కల్లా ఎనభయ్యో సంవత్సరం దీపావళి వెళ్ళాక మొదలైంది. అప్పటి నుంచి అది వెళ్ళిన చోట ఆగడం మానేసింది.

ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు డ్రైవరు ముసలయ్య. (పేరు ముసలయ్యే గాని మనిషి నలభైకి ఇవతలే.) అతను ఆరోగ్య కేంద్రం డాక్టరు ప్రభాకరరావు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, పెడలు మొదటిసారి నొక్కితే నేల దాకా దిగిపోతోందని, రెండోసారి నొక్కితే కాస్త మాట వింటోందని, మూడోసారికి బండి ఎడమ పక్కకు, అంటే కాలువ వైపు చూస్తోందని మనవి చేసుకున్నాడు.

"మరి హ్యాండ్ బ్రేకు?" అన్నారు డాక్టరు గారు.

"ఆయ్, దానికి దీనమ్మ గారు సంచి తగిలించుకుంటున్నారండి. సంచి మాత్రం జారట్లేదండి."

దీనమ్మ గారు ఆ కేంద్రంలో నర్సు. లంకల్లో ఎవరికి పురుడు వచ్చినా ఆ సంచి, ఆ జీపు, ఆవిడ కలిసే వెళ్ళేవారు.

జీపుకు రోగం వస్తే చూడవలసినవారు కాకినాడలోని జిల్లా వాహన స్వస్థత కార్యాలయం వారు. (మనుషుల స్వస్థత చూసే కార్యాలయం అదే మేడలో కింది అంతస్తులో ఉండేది. వాన నీళ్ళు చేరేది కూడా ఆ అంతస్తులోకే.) ఆరోగ్య కేంద్రంలో గుమాస్తా కుర్చీ చాలా కాలంగా ఖాళీ. డాక్టరు గారి చేతిరాత మందుల షాపు వారికి తప్ప ఇతరులకు బోధపడదు. బడిపంతులుకు సాయంత్రాలు వేరే పనేముంటుందని ఊరి అభిప్రాయం. ఇన్ని కారణాల వల్ల ఆ ఉత్తరాలన్నీ నేనే రాసేవాణ్ణి. బ్రేకులు లేవని రాశాను. జవాబుగా 'బ్రేకు లోప నిర్ధారణ నియమావళి' అనే చిన్న పుస్తకం వచ్చింది.

అందులో మొదటి నియమం ఇది: పెడలును నొక్కవలెను. వాహనము ఆగినచో బ్రేకు కలదు. ఆగనిచో మరల నొక్కవలెను. రెండో నియమం: అప్పటికినీ ఆగనిచో, వాహనమును వెంటనే ఆపి కార్యాలయమునకు తెలియపరచవలెను. మూడో నియమం ప్రకారం లోపం డ్రైవరుదా, రోడ్డుదా, వాహనానిదా తేల్చాలి. మొదటి రెండింటిదీ కాదని రుజువైతేనే మూడోదాని జోలికి వెళ్ళాలి.

కనుక ముందుగా ముసలయ్య కుడి కాలును పరీక్షించడం జరిగింది. డాక్టరు గారు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు, పాదం వంచి చూశారు, పిక్క నొక్కి చూశారు. కాలు బాగుందని, పెడలు కూడా బాగుందని, ఆ తర్వాతి సంబంధమే చెడిందని నాచేత రాయించారు. రోడ్డు సంగతి రోడ్ల శాఖను అడిగితే, మీరు చెప్పే గట్టు మా లెక్కలో రోడ్డు కాదు గనుక దాని వల్ల ఏ లోపమూ సంభవించదని వారు సెలవిచ్చారు.

ఇంత జరిగాక ఏడో నియమం అమల్లోకి వచ్చింది. బ్రేకులు లేని వాహనమును దాని డ్రైవరు స్వయముగా నడుపుకొనుచు కాకినాడ తీసుకురావలెను.

కొత్తపేటలో మంచి మెకానిక్కు ఉన్నాడు. చక్రం విప్పి, నూనె కారుతున్న చోటు చూసి, రబ్బరు ముక్క మార్చి, గొట్టాల్లో గాలి తీసేస్తే సరిపోతుందని ఊళ్ళో సైకిలు కూడా లేనివాళ్ళు సైతం సలహా ఇచ్చారు. కాని బ్రేకు నూనె డబ్బా మూతకు వాహన స్వస్థత వారి సీసపు ముద్ర ఉంది. అది వారు తప్ప ఎవరూ విప్పరాదు. విప్పినవారి మీద కేసు, నూనె మీద విచారణ.

ఇక కాకినాడ పంపడమంటే మాటలు కాదు. ముక్తేశ్వరం రేవులో ఏటవాలుగా దిగి, బల్లకట్టిన పంటు మీదకు ఎక్కి, గోదావరి దాటి కోటిపల్లిలో దిగాలి. పంటు నడిపే సరంగు వచ్చి జీపును ఒకసారి చూసుకుని వెళ్ళాడు. ఎక్కడానికి తనకు అభ్యంతరం లేదని, ఎక్కాక అవతలి చివరి నుంచి గోదాట్లోకి దిగిపోకుండా ఎవరు పూచీ అని అడిగాడు. నియమావళిలో గోదావరి ప్రస్తావన లేదు.

పంపకపోవడానికి ఇంకో కారణం ఉంది. (నిరుడు సెప్టెంబరులో హారన్ సన్నగా మోగుతోందని ఇదే జీపును కాకినాడ పిలిపించారు. అది అక్కడ ఉన్న రోజుల్లోనే నా భార్య యేసురత్నానికి గుండెనొప్పి వచ్చింది. ఎడ్లబండి మీద గట్టు చివరిదాకా తీసుకువెళ్ళగలిగాం. హారన్ బాగానే ఉందని తర్వాత తేలింది.)

ఇప్పుడు మా అమ్మాయి హన్నా పురిటికి వచ్చి ఉంది. అల్లుడికి విజయవాడలో ఉద్యోగం. మొదటి కాన్పు కష్టమై బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పులు మొదలవగానే ఆలస్యం చేయకుండా అమలాపురం పెద్దాసుపత్రికి చేర్చాలని, బహుశా ఆపరేషను తప్పదని డాక్టరు గారు ముందే చెప్పారు. నెలలు ఫిబ్రవరికి నిండుతాయి. అంటే ఫిబ్రవరి దాకా జీపు ఊళ్ళో ఉండాలి. ఉన్న జీపు ఆగాలి.

ఈ సమస్య ఆరోగ్య కేంద్రం అరుగు మీద చర్చకు వచ్చింది. వెంకటరమణమ్మ గారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆవిడకు చర్చి మలుపు దగ్గర కొబ్బరి తోట, గడ్డి మేటు, ఊరందరి మీదా అధికారం ఉన్నాయి.

"అమ్మ లేని పిల్ల మాస్టారండీ. జీపు ఎక్కడికీ వెళ్ళదు. ఆపడం మేం చూసుకుంటాం, మీరు ఊరుకోండి," అన్నారావిడ.

అలా మా ప్రాంతంలో కొత్త బ్రేకు విధానం అమల్లోకి వచ్చింది. ఇది కోనసీమలో తప్ప మరెక్కడా సాధ్యం కాదు. ఎందుకంటే దీనికి కావలసిన సామగ్రి రెండే: కొబ్బరికాయ ఒలిచాక మిగిలే డొక్కలు, వద్దన్నా వదలని మర్యాద. రెండూ మా దగ్గర అవసరానికి మించి ఉన్నాయి. జీపు ఆగవలసిన ప్రతి మలుపులోనూ డొక్కలు మెత్తగా రాశి పోశారు. ముసలయ్య దూరం నుంచే ఇంజను నెమ్మది చేసుకుని, గేరు తగ్గించుకుని వచ్చి ఆ రాశిలోకి జీపు ముక్కు దూర్చేవాడు. అటొకరు ఇటొకరు చక్రాల కింద తాటి దుంగలు పెట్టేవారు. జీపు నిట్టూర్చినట్టు ఆగేది. దిగినవారికి కొబ్బరి బొండం ఇచ్చేవారు.

కొద్ది కాలానికే ఇందులో పోటీ పెరిగింది. చర్చి మలుపు వాళ్ళు ఆపితే గ్లాసులో టీ తొణకదని పేరు. రైసుమిల్లు వాళ్ళు ఆపితే కుదుపు ఉంటుంది గాని బొండం లేతది. రామాలయం వాళ్ళు తమ దగ్గర జీపు అసలు ఆగవలసిన పనే లేకుండా సాగిపోతోందని చిన్నబుచ్చుకుని, డాక్టరు గారు వస్తున్నారని తెలిసిన రోజున ఒకరికి జ్వరం తెప్పించుకునేవారు. దీనమ్మ గారు మాత్రం ఈ పోటీలో ఎవరి పక్షమూ వహించలేదు. జీపు ఆగే ముందు ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఆగాక కళ్ళు తెరిచి అందరికీ సమానంగా వందనాలు చెప్పేవారు.

ఇంతలో ఫిర్యాదు చేసి కూడా జీపును పంపలేదేమని కాకినాడ నుంచి తాఖీదు వచ్చింది. బ్రేకులు వాటంతటవే కుదుటపడ్డాయని, ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నామని రాశాను. ఫిర్యాదు చేయడానికి డ్రైవరు చాలు గాని, ఉపసంహరించుకోవడానికి ప్రత్యక్ష తనిఖీ కావాలట. తనిఖీ అధికారి గంగాధరరావు గారు జనవరిలో వచ్చారు, బస్సు మీద. (వారి జీపు బ్రేకుల ధ్రువపత్రం కోసం వారి కార్యాలయంలోనే వేచి ఉంది.)

ఆయన చెడ్డవారు కాదు. చక్కని ఇస్త్రీ బట్టలు, మృదువైన మాట. జీపు ముందు సీట్లో కూర్చుని ఒళ్ళో కాగితాలు పెట్టుకుని, దారిని కాకుండా కాగితాలను చూస్తూ ప్రయాణం చేశారు. లోపం తేలితే జీపును తాళ్ళు కట్టించి లాక్కుపోతారని ఊరందరికీ తెలుసు. అందువల్ల ఆ రోజు ప్రతి మలుపులోనూ కొత్త డొక్కలు పోశారు. మనుషులు ఉతికిన చొక్కాలు తొడుక్కుని నిలబడ్డారు. రామాలయం వాళ్ళకు కూడా అవకాశం ఇచ్చారు.

ఈ డొక్కలేమిటని గంగాధరరావు గారు ఒకచోట అడిగారు. ఎండబెడుతున్నామండి అన్నారు. ఈ దుంగలేమిటన్నారు. కూర్చోడానికండి, తమరు కూర్చుంటారా అన్నారు. ఆయన కూర్చున్నారు. పూతరేకులు పెట్టారు.

సాయంత్రానికి ఆయన ఎంతో తృప్తి పడ్డారు. తమ ఉద్యోగ జీవితంలో ఇంత మెత్తగా ఆగిన వాహనాన్ని చూడలేదన్నారు. ఈ జీపు బ్రేకులు జిల్లాలోనే ఉత్తమమైనవని ధ్రువపత్రం రాసి, ముద్ర వేసి, డాక్టరు గారి చేతిలో పెట్టి బస్సెక్కారు. ఆ రాత్రి మేమందరం సుఖంగా నిద్రపోయాం.

అదే మేము చేసిన పొరపాటు. బ్రేకులు ఉన్నాయని నమ్మించి ఊరుకోవలసింది. మాకు ఏదైనా సరిపడా చేయడం చేతకాదు. అతిథికి ఒక గరిటె అన్నం చాలంటే రెండు వడ్డించే చేతులు. బ్రేకుల విషయంలోనూ అదే జరిగింది.

నెలాఖరుకు ఉత్తర్వు వచ్చింది. జిల్లాలోకెల్లా శ్రేష్ఠమైన బ్రేకులు గల వాహనం ఒక లంక గ్రామంలో రోగుల కొరకు వ్యర్థమగుచున్నందున, దానిని వాహన స్వస్థత కార్యాలయం వారి స్వంత వినియోగానికి కేటాయించడమైనది. తీసుకువెళ్ళడానికి కృపానందం అనే డ్రైవరు ఆ ఉత్తర్వుతో పాటే వచ్చాడు.

ఊళ్ళో వాళ్ళకు ధర్మసంకటం వచ్చింది. నిజం చెబితే డొక్కల నాటకం బయటపడుతుంది. చెప్పకపోతే వచ్చిన మనిషి కాలువలో పడతాడు. ఇందులో ఆలోచించవలసింది ఉందని ఎవరికీ తోచలేదు. ముసలయ్య తాళం ఇస్తూనే చెప్పేశాడు.

"బ్రేకులు లేవండి అన్నగారూ."

"కాయితం చూడలేదేటండి? జిల్లాలోకల్లా ఉత్తమం అని రాసేరు."

"ఆయ్, కాయితం మీద ఉన్నాయండి. కాయితం ఎక్కడ నొక్కాలో మాకు తెలీలేదండి."

తోటి డ్రైవరు ఈర్ష్య పడుతున్నాడని కృపానందం నవ్వుకున్నాడు. చర్చి మలుపులో డొక్కల రాశి కనిపిస్తే, ప్రభుత్వ వాహనానికి అడ్డం తీయండని దూరం నుంచే చెయ్యి ఊపాడు. అతిథి మాట కాదనలేక వాళ్ళు తీశారు. జీపు వెంకటరమణమ్మ గారి గడ్డి మేటులోకి వెళ్ళి, అవతలి పక్క ముక్కు బయటపెట్టి ఆగింది. అక్కడ మేస్తున్న గేదె తలెత్తి చూసి మళ్ళీ మేత మీద పడింది. వెంకటరమణమ్మ గారు మజ్జిగ చెంబుతో వచ్చి, నాయనా దెబ్బ తగల్లేదు కదా, ఇలా దిగు అన్నారు. కృపానందం దిగి, మజ్జిగ తాగి, ఇంకొంచెం అడిగి తాగి, నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కాడు. కాకినాడలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ఇప్పటికైనా బాగుచేస్తారని మేము ఆశపడ్డాం. మాకు ప్రభుత్వ తర్కం తెలియదు. జనవరిలో బ్రేకులు ఉన్నట్టు ధ్రువపత్రం ఉంది. ఇప్పుడు లేనట్టు సాక్ష్యం ఉంది. ధ్రువపత్రం అబద్ధమాడదు గనుక, ఈ మధ్యకాలంలో బ్రేకులను ఎవరో దొంగిలించారు. విచారణాధికారిగా గంగాధరరావు గారే మళ్ళీ వచ్చారు. అందరినీ విడివిడిగా పిలిచి, బ్రేకులను చివరిసారిగా ఎవరు చూశారని అడిగారు.

"తవరేనండి," అన్నాడు ముసలయ్య.

విచారణ ముగిసే వరకూ జీపు సాక్ష్యాధారం. కనుక దాన్ని ఆరోగ్య కేంద్రం ముందు నిలిపి, స్టీరింగుకు గోనెతాడు కట్టి లక్క ముద్ర వేశారు. తలుపులకు వేశారు. చక్రాలకు వేశారు. తాళం కవరులో పెట్టి కాకినాడ తీసుకుపోయారు. ఆగని జీపును ఆపడంలో ఆ ముద్రలు చాలా చక్కగా పనిచేశాయని ఒప్పుకోక తప్పదు.

హన్నాకు ఫిబ్రవరి రెండో వారంలో, తెల్లవారి కల్లాపి చల్లే వేళకు నొప్పులు మొదలయ్యాయి. దీనమ్మ గారు వచ్చి చూసి డాక్టరు గారిని పిలిపించారు. ఆయన చూసి, బిడ్డ అడ్డంగా ఉందని, మధ్యాహ్నంలోగా అమలాపురంలో ఉండాలని చెప్పారు. తర్వాత ఆరోగ్య కేంద్రం ముందున్న జీపు దగ్గరకు వెళ్ళారు. ముద్రలు పగలగొట్టేద్దాం, నా ఉద్యోగం పోతే పోనీ అన్నారు. ముసలయ్య అప్పటికే గోనెతాడు కోసేశాడు. కాని తాళం కాకినాడలో ఉంది. తీగలు కలిపి ఇంజను తిప్పబోతే అది దగ్గనైనా దగ్గలేదు. (విచారణకు భంగం కలగకుండా బ్యాటరీ కూడా తీసుకుపోయారని అప్పుడు తెలిసింది.)

కాలువ రేవులో పాపారావు పడవ కట్టి ఉంది. కొబ్బరికాయల పడవ. కాయలు సగం ఎక్కించాడు. సంగతి వినగానే ఎక్కించినవి ఎక్కించినట్టే గట్టు మీదకు విసరడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల వాళ్ళు చేయి వేశారు. ఎవరి కాయలో, ఎటు దొర్లాయో ఎవరూ చూడలేదు. పడవలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి పరిచి, మా అమ్మాయిని పడుకోబెట్టారు. దీనమ్మ గారు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డాక్టరు గారు, నేను ఎక్కాం.

కాలువ వాలుకే అమలాపురం. అయినా గెడ వేస్తూ పోతే మధ్యాహ్నం దాటుతుంది. అందుకని ముసలయ్య, ఇంకొందరు పడవ ముక్కుకు తాడు కట్టి గట్టు మీద నుంచి లాగుతూ పరుగు అందుకున్నారు. ఒకడు సైకిలు మీద ముందు వెళ్ళి చెప్పాడు. చర్చి మలుపు వాళ్ళు గట్టు మీద సిద్ధంగా ఉన్నారు. తాడు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది గాని పడవ నిదానించలేదు. తర్వాత రైసుమిల్లు వాళ్ళు. ఆ తర్వాత రామాలయం వాళ్ళు, తమ హద్దు దాటినా తాడు వదలకుండా. హన్నా ఒకటి రెండుసార్లు గట్టిగా మూలిగి నా చెయ్యి పట్టుకుంది. ఎంత దూరమని అడిగింది. దగ్గరే అన్నాను.

వెంకటరమణమ్మ గారు గట్టు మీద పడవతో పాటే కొంత దూరం నడిచారు. ఆవిడకు ఆయాసం.

"హన్నా, భయపడకమ్మా," అన్నారు. "ఇవాళ నిన్నెవరూ ఆపరు."

అమలాపురం లాకుల దగ్గర పడవ దిగి, మంచం మీద మోసుకుని ఆసుపత్రికి చేర్చాం. వెంటనే ఆపరేషను గదిలోకి తీసుకువెళ్ళారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ముసలయ్య గోడకు ఆనుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. తాడు ఒరుసుకుని తోలు లేచిపోయింది. మధ్యాహ్నం గంట కొట్టిన కాసేపటికి దీనమ్మ గారు బయటికి వచ్చారు. ఆడపిల్ల అన్నారు. తల్లి, బిడ్డ ఇద్దరూ బాగున్నారన్నారు. నేను సరేనన్నాను. ఆవిడ చేతిలోని సంచి అందుకుని బెంచీ మీద పెట్టాను.

మూడోసారి గంగాధరరావు గారు మార్చిలో వచ్చారు. విచారణలో ఉన్న వాహనం ముద్రలు తెంచినందుకు డాక్టరు గారికి, ముసలయ్యకు తాఖీదులు తెచ్చారు. పాపను చూసి ముచ్చటపడి, చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టారు. (పళ్ళు వచ్చాక తినమని చెప్పారు.) జీపు కదలకుండానే ఒక అత్యవసర రోగి అంత దూరం సకాలంలో చేరడం ఆయనకు అంతుబట్టలేదు. రేవుకు వెళ్ళి పడవ చుట్టూ తిరిగి చూశారు. ముద్ర వేయడానికి ఎక్కడా చోటు కనిపించలేదు. పాపారావు కాయలు లెక్కపెట్టడం ఆపి లేచి నిలబడ్డాడు.

"ఇది ఏ శాఖ వారి పడవ?" అని అడిగారు గంగాధరరావు గారు.

"ఏ శాఖదీ కాదండి. అందుకేనండి, వెళ్ళింది."

గంగాధరరావు గారు జేబులోంచి కలం తీసి ఆ లోపాన్ని నమోదు చేసుకున్నారు. త్వరలోనే సరిచేయిస్తామని హామీ ఇచ్చి వెళ్ళారు.